హాఫ్ లారీ కొలతలు

హస్సావిలో మా బిల్డింగు ఖాళీ చేయమని
మెట్ల దగ్గర కాగితం అంటించినారు.
శుక్రవారం దాకే గడువని
పైఅంతస్తు పిల్లోడు చదివి చెప్పినాడు.
కుట్టుమిషను, ఇనప బీరువా, రెండు మంచాలు, ఫ్రిజ్జు,
గుడ్డల మూటలు పదకొండు.
వీటికి ఏ బండి కావల్ల?

బకాలా ముందర మూడు రకాలు నిలబడి ఉంటాయి.
వనైట్‌కు ఐదు దినార్లు.
హాఫ్ లారీకి తొమ్మిది,
ఎత్తి దించే మనిషితో అయితే పదకొండు.
పెద్ద లారీవాడు నా చెప్పులు చూసి
అడగకముందే తల అడ్డంగా ఊపినాడు.

ఇరవై రెండేండ్లుగా కుట్టే చేయి నాది.
ఆడమనిషి ఎదురొస్తే
చుట్టుకొలత ముందు తెలుస్తాది, ముఖం తర్వాత.
బండి కూడా రవికె మాదిరే అనుకున్నా:
బిగువైతే కుట్టు పిగులుతుంది,
వదులైతే లోపలిది కుదురుగా ఉండదు.
మెళ్ళో టేపు తీసి
వనైట్ వీపు మీద పరిచినా.
అరవై అంగుళాలకు టేపు అయిపాయ.
వనైట్ ఒకటిన్నర టేపు.
హాఫ్ లారీ రెండు టేపులు, పైన జానెడు.
షేర్‌జమాన్ టీ గ్లాసు పట్టుకొని నవ్వినాడు,
"దీనికి పైజామా కుడతావా, అమ్మా?"

కొలత దొరికింది గానీ లెక్క తేలలేదు.
రెడ్డెమ్మ ఏమీ చెప్పలేదు.
ఆమె వస్తే హాఫ్ లారీ.
రాకుంటే వనైటే.

తొమ్మిదేండ్లు ఒకే గది.
ఆమెకు రాత్రి డ్యూటీ, నాకు పగలు.
ఒకే దిండుకు ఇద్దరి తలనూనె.
"మంగఫ్‌లో గది బాగుంది, లిఫ్టు కూడా ఉంది" అన్నా.
ఆమె వంకాయలు నీళ్ళలోకి కోస్తా
"ఆసుపత్రికి రెండు బస్సులు మారల్ల" అనింది.
ఉప్పు వేసి మూత పెట్టింది.

షేర్‌జమాన్ మూడుసార్లు ఫోను చేసినాడు,
ఏ బండి, ఏ బండి అని.
రేపు చెప్తా అన్నా. రేపు మళ్ళీ రేపన్నా.

గురువారం రాత్రి డ్యూటీకి పోకుండా
ఆమె ఫ్రిజ్జు ముందర చతికిలబడి
మంచు గీకుతా ఉంది, అన్నం గరిటెతో.
ఆ ఫ్రిజ్జుకు ఆమె ఇరవై ఎనిమిది దినార్లు పెట్టింది,
నేను ఇరవై ఏడు.
"నువ్వే తీసుకపో.
పండబెట్టి మాత్రం తీసుకపోవద్దు,
లోపల నూనె పైకెక్కి చస్తాది.
నిలబెట్టే పోవల్ల.
వనైట్‌లో నిలబెడితే గాలికి పడతాది.
హాఫ్ లారీ మాట్లాడు."

గరిట ఆగలేదు.
నేను ఫోను చేసి చెప్పినా.

తెల్లారి ఎండ రాకముందే ఎక్కించినారు.
ఒక్క మంచం.
రెండోదాని చోటు ఉత్తగా మిగిలిపాయ.
"ఖాళీ ఉంటే సామాను కొట్టుకుంటుంది" అని
షేర్‌జమాన్ మూటలన్నీ ఆడ కూర్చోబెట్టినాడు.
ఫహాహీల్ రోడ్డు పొడవునా
పక్క అద్దంలో ఫ్రిజ్జే కనబడింది,
నడుముకు తాడు కట్టించుకొని
బస్సులో సీటు దొరకని మనిషి మాదిరి.

మంగఫ్‌లో లిఫ్టు ఉంది.
ఫ్రిజ్జు అందులో పట్టలేదు.
ఊళ్ళో బండ్లన్నీ కొలిచి
లిఫ్టును కొలవడం మరిచినా.
నాలుగో అంతస్తుకు భుజాల మీద మోసినందుకు
ఇంకో రెండు దినార్లు.

రాత్రంతా ప్లగ్గు పెట్టొద్దంట,
నూనె కిందికి దిగేదాకా.
ఆ గుర్రుమనే చప్పుడు లేక
నిద్ర పట్టలేదు నాకు.
మూడు గంటలప్పుడు, వార్డు తుడిచి
టీకి కూర్చునే వేళ, ఫోను చేసింది.
"నిలబెట్టే తెచ్చినారా?"
"నిలబెట్టే."
"ఊఁ" అనింది.
ఆమె పక్క బకెట్టు జరిపిన చప్పుడు.
ఎవరూ పెట్టేయలేదు కొంచేపు.